మీ ప్రశ్న – నా జవాబు: గుడ్‌ఫ్రైడే నాటి గిన్నెలు

పోయిన నెల ఈ శీర్షికలో సెనెగల్ గురించి నాలుగు ముక్కలు రాశాను. పశ్చిమ ఆఫ్రికాలోని ఆ దేశంలో నూటికి తొంభై అయిదు మందికి పైగా ముస్లింలనీ, మా ఆయన ఉద్యోగం వల్ల 2008 నుంచి 2019 దాకా రాజధాని డకార్‌లో ఉన్నామనీ, మా పక్కింటివాళ్లు క్యాథలిక్కులనీ చెప్పాను. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ పక్కింటి గురించే అడిగాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి డకార్‌లో ఉద్యోగం వచ్చింది. మేం క్రైస్తవులం. ముస్లిం దేశం కదా, చర్చికి వెళ్లనిస్తారా, మెడలో సిలువ వేసుకోవచ్చా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

అమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. సెనెగల్‌లో ముస్లింలు ఎక్కువే గానీ అది లౌకిక దేశం. రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఆ మాట రాసుకున్నారు. ఆదివారం సెలవు. క్రిస్మస్, ఈస్టర్ మర్నాడు సోమవారం, ఆరోహణ పండుగ, పెంతెకోస్తు మర్నాటి సోమవారం, ఆగస్టు 15న మరియమాత పండుగ, నవంబరు 1న సకల పునీతుల పండుగ, ఇవన్నీ ప్రభుత్వ సెలవులే. నూటికి ముగ్గురో నలుగురో ఉన్న క్రైస్తవుల పండుగలకి దేశమంతా ఆఫీసులు మూసేస్తుంది. డకార్ నడిబొడ్డున, ప్లాటో అనే పేటలో, 1936లో ప్రతిష్ఠ చేసిన పెద్ద క్యాథడ్రల్ ఉంది. ఆదివారం పొద్దున్న అక్కడ పూజకి వచ్చేవాళ్ల బట్టలు చూడాలి! ఆడవాళ్లు మరియమాత బొమ్మ అచ్చువేసిన గుడ్డతో గౌన్లు కుట్టించుకుని, తలకి అదే గుడ్డ చుట్టుకుని వస్తారు. దాచుకుని బతికేవాళ్లు అలా ముస్తాబవరు కదా.

ఒక్క సంగతి మాత్రం అబ్బాయికి ముందే చెప్పండి. అక్కడ క్రైస్తవులంటే దాదాపుగా క్యాథలిక్కులే. ప్రొటెస్టంట్లు చాలా తక్కువ. ఫిన్లాండ్ మిషనరీల పనితో మొదలైన లూథరన్ సంఘం ఒకటి ఉంది, చిన్న చిన్న ఇవాంజెలికల్ సంఘాలు ఉన్నాయి. మీ ఆరాధన పద్ధతి వేరైతే కొంచెం వెతుక్కోవాలి. పాటలు ఫ్రెంచిలో, దేశంలో ఎక్కువమంది మాట్లాడే వోలోఫ్‌లో, సెరేర్ జాతివాళ్ల భాషలో ఉంటాయి.

ఇంకోటి. పలకరింపు నేర్చుకోమనండి. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో "సలామాలేకుం" అనాలి. ఇది మతం అడిగి అనే మాట కాదు, అందరూ అంటారు. మా పక్కింటావిడని వీధంతా "యాయ్" అని పిలిచేది, వోలోఫ్‌లో అమ్మ అని. ఆవిడ పూజ ముగించుకుని, మెళ్లో జపమాలతో ఇంటికి వస్తూ, "ఎలా ఉన్నావు యాయ్?" అంటే "అల్హమ్దులిల్లాహ్" అనేది, అల్లాకి స్తోత్రం అని. మొదటిసారి విని నేను తెల్లబోయాను. ఆ మాట ఆవిడకి వోలోఫ్, అంతే.

ప్రశ్న: అంతమంది ముస్లింలున్న దేశానికి మొదటి అధ్యక్షుడు క్రైస్తవుడట కదా? ఎలా గెలిచాడు? – డిగ్రీ విద్యార్థి

లియోపోల్డ్ సెదార్ సెంఘోర్. 1906లో జోవాల్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో పుట్టాడు, సెరేర్ జాతివాడు. మిషన్ బళ్లో చదివాడు, ఫాదర్ అవుదామనుకున్నాడు, సెమినరీ వాళ్లు పనికిరావన్నారు. 1928లో పారిస్ వెళ్లి పెద్ద కవి అయ్యాడు. 1960లో స్వాతంత్య్రం వస్తే అధ్యక్షుడయ్యాడు. ఇరవై ఏళ్లు ఉండి, 1980 డిసెంబరు 31న తనంతట తానే దిగిపోయాడు.

ఎలా గెలిచాడన్న దానికి మతంలో వెతికితే జవాబు దొరకదు, వేరుశనగ చేలో వెతకాలి. ఫ్రెంచివాళ్ల పాలనలో సెయింట్ లూయీ, డకార్, గోరే, రుఫిస్క్ అనే నాలుగు పట్నాల్లో పుట్టినవాళ్లకి పౌరసత్వం ఉండేది. మిగతా పల్లెలన్నిట్లోవాళ్లూ 1946 దాకా పౌరులు కారు, "పాలితులు" మాత్రమే, ఓటు లేదు, వెట్టి మాత్రం ఉంది. పట్నం నాయకుడు లమీన్ గయే ముస్లిం, పేరున్న లాయరు. సెంఘోర్ మొదట ఆయన వెనకే ఉండి, 1948లో విడిపోయి సొంత పార్టీ పెట్టి పల్లెలు పట్టుకుని తిరిగాడు. పల్లె రైతులు పండించేది వేరుశనగ. వాళ్లు మాట వినేది మరబూలు అని పిలిచే ముస్లిం గురువుల దగ్గర. సెంఘోర్ ఆ గురువుల గుమ్మం ఎక్కాడు. ముస్లింలలో మురీద్ అనే శాఖకి పెద్ద అయిన ఫాలిలూ ఎంబాకే ఆయన వెనక గట్టిగా నిలబడ్డాడు. 1951 ఎన్నికల్లో పట్నం ముస్లిం నాయకుడు ఓడిపోయి, పల్లె క్యాథలిక్ మనిషి గెలిచాడు.

అలా అని ఆయన్ని దేవుణ్ని చేయలేను. ప్రధానమంత్రిగా ఉన్న మమదూ దియా భక్తిపరుడైన ముస్లిం, సెంఘోర్‌కి ఏళ్ల తరబడి కుడిభుజం. 1962లో ఇద్దరికీ చెడితే ఆయన్ని 1974 దాకా జైల్లో ఉంచారు. ఆ సంగతి తలుచుకుని బాధపడే ముసలివాళ్లని, అందులో క్రైస్తవుల్ని కూడా, నేను చూశాను.

సెంఘోర్ తర్వాత వచ్చిన అబ్దూ దియూఫ్ ముస్లిం, ఆయన భార్య క్యాథలిక్. అక్కడ దీన్ని ఎవరూ వార్తగా చెప్పుకోరు.

ప్రశ్న: పేరు చూసి ఎవరు ఏ మతమో తెలుస్తుందా?

ఇంటిపేరు చూసి తెలియదు. ఫాయ్, సార్, ఎన్జాయ్, దియూఫ్ ఇంటిపేర్లవాళ్లు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. జాన్, మరీ అంటే క్రైస్తవులు, మమదూ, ఫాతూ అంటే ముస్లింలు అని పేరు వల్ల తెలుస్తుంది. ఒకే తల్లి పిల్లల్లో పీటర్, ఇబ్రహీం ఇద్దరూ ఉన్న ఇళ్లకి నేను భోజనానికి వెళ్లాను.

దీనికి తోడు అక్కడ "పరిహాసపు చుట్టరికం" అని ఒకటుంది. మన మేనబావా మేనమరదళ్ల ఎకసెక్కాలు తెలుసు కదా, అవి రెండు జాతుల మధ్య, రెండు ఇంటిపేర్ల మధ్య నడుస్తాయి. సెరేర్‌లకీ తుకులోర్‌లకీ ఆ వరస ఉంది. తుకులోర్‌లు ఎప్పటినుంచో గట్టి ముస్లింలు. సెరేర్‌లలో క్రైస్తవులు చాలామంది. యాయ్ సెరేర్. బజార్లో చేపలమ్మే తుకులోర్ ఆయన ఆవిణ్ని చూడగానే "వచ్చావా నా బానిసా" అని అరిచేవాడు. ఆవిడ "నీ యజమాని ఇంటికొస్తే లేచి నిలబడవేం" అని తిట్టేది. మొదట్లో నాకు గుండె ఆగినంత పనయ్యేది. తర్వాత అర్థమైంది, ఆ వరస ఉన్నవాళ్ల మాటకి కోపం తెచ్చుకోకూడదు, అది నియమం. ఏ గొడవైనా ముదిరేలోపు ఎవరో ఒకరు ఈ వరస ఎత్తుకుంటారు, పక్కనున్నవాళ్లు నవ్వేస్తారు.

ప్రశ్న: గుడ్‌ఫ్రైడే నాడు క్రైస్తవులు వీధిలో ముస్లింల ఇళ్లకి ఏదో పంచుతారని రాశారు. అదేమిటి? ఎందుకు పంచుతారు? వివరంగా రాయండి. – గృహిణి

వివరంగానే రాస్తాను, ఇదంటే నాకు ప్రాణం. దాని పేరు న్గలాఖ్.

యాయ్ వాకిట్లో గురువారం మధ్యాహ్నం నుంచే హడావిడి. సజ్జపిండిని నీళ్లు చిలకరిస్తూ వేళ్లతో తిప్పి తిప్పి చిన్న రవ్వ ఉండలుగా చేస్తారు. చిల్లుల గిన్నెలో వేసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇంకోపక్క బావోబాబ్ అనే లావు మాను చెట్టు కాయలు పగలగొట్టిన గుజ్జు. అది తడిగా ఉండదు, సుద్దముక్కల్లా తెల్లగా, పొడిపొడిగా గింజలకి అంటుకుని ఉంటుంది. నీళ్లలో నానబెట్టి పిసికి వడగడితే చిక్కటి పుల్లటి రసం దిగుతుంది. దాంట్లో దోరగా వేయించి నూరిన వేరుశనగ ముద్ద కలుపుతారు. ఇది కలపడం ఒక విద్య. యాయ్ తప్ప ఎవరూ చేయి పెట్టకూడదు. ఒకేసారి వేస్తే ఉండ కడుతుంది. కొంచెం కొంచెం వేస్తూ, మోచేతి దాకా బేసిన్‌లో పెట్టి, అడుగు నుంచి పైకి తిప్పేది. ఆ రంగు పాలు ఎక్కువైన కాఫీలా వచ్చేదాకా ఆపేది కాదు. తర్వాత పంచదార, జాజికాయ పొడి, ఎండుద్రాక్ష, నాలుగు చుక్కలు నారింజపూల నీళ్లు. ఆఖరున ఉడికిన సజ్జరవ్వ. చల్లగా తినాలి. పులుపు, తీపి, వేరుశనగ కమ్మదనం ఒకదాని వెనక ఒకటి తగులుతాయి.

గుడ్‌ఫ్రైడే రోజు క్రైస్తవులకి ఉపవాసం, మాంసం ముట్టరు. వాళ్ల ఇంటికి ఎంత ఉంచుకుంటారో దానికి పదింతలు బయటికి పోతుంది. యాయ్ చిన్న కూతురు స్కూలు నోటుబుక్కు వెనక పేజీలో ఇళ్ల జాబితా రాసేది. నేనున్న ఆఖరి ఏడాది నలభై మూడు ఇళ్లు. ఇమాము గారిది మూత ఉన్న పెద్ద గిన్నె. పిల్లలు గిన్నె మీద పళ్లెం బోర్లించి, రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా మెల్లగా నడుస్తూ వీధంతా తిరిగేవారు. మా ఇంటికీ వచ్చేది. మేం క్రైస్తవులం కాదు, ముస్లింలమూ కాదు. జాబితాలో మా పేరు ముందు "ఇండియా" అని రాసేది ఆ పిల్ల.

ఒక ఏడాది పొరపాటున ఒక ఇల్లు తప్పిపోయింది. సాయంత్రం ఆ ఇంటావిడ, ముస్లిం, నాతోపాటు కుళాయి దగ్గర కబుర్లు చెప్పే మనిషి, యాయ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. "నా వల్ల ఏం తప్పు జరిగింది?" అంది, అంతే. యాయ్ మొహం పాలిపోయింది. నోటుబుక్కు తెప్పించి చూసింది, పేరు లేదు. ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి వెళ్లి, తన పిల్లల కోసం ఫ్రిజ్‌లో పెట్టుకున్న గిన్నె తెచ్చి, ఆవిడ వెనకే వాళ్లింటిదాకా తనే మోసుకెళ్లింది. మర్నాడు నేను అడిగితే "ఆ గిన్నె వెళ్లకపోతే నేను ఆవిణ్ని పరాయిదాన్ని చేసినట్టు" అంది.

గిన్నెలు తిరిగి వచ్చే రోజు తబాస్కి, అంటే బక్రీదు. ఆ రోజు యాయ్ ఇంట్లో పొయ్యి మీద పెట్టాల్సింది బియ్యం ఒక్కటే. మాంసం మధ్యాహ్నానికే నాలుగైదు ఇళ్ల నుంచి వచ్చేసేది. వాళ్ల మాటల్లో దీన్ని తెరాంగా అంటారు. అతిథి మర్యాద అని పుస్తకాల్లో అర్థం రాస్తారు గానీ, మర్యాద అంటే సరిపోదు. తప్పిపోతే గుమ్మం దాకా వచ్చి అడిగే హక్కు కూడా అందులో ఉంది.

ప్రశ్న: మీరు అంతా మంచే రాస్తున్నారు. నూటికి ముగ్గురుగా బతకడంలో కష్టమే లేదా? నమ్మాలనిపించడం లేదు. – ఒక పాఠకుడు

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. కష్టం ఉంది, నేను కళ్లారా చూశాను.

2009 చివర్లో, అప్పటి అధ్యక్షుడు అబ్దులాయ్ వాద్ డకార్‌లో పెద్ద కంచు విగ్రహం కట్టిస్తున్నాడు. అది విగ్రహారాధన అని ఇమాములు విమర్శించారు. దానికి జవాబు చెబుతూ ఆయన క్రైస్తవుల ప్రార్థననీ క్రీస్తునీ మధ్యలోకి లాగాడు. క్రైస్తవులకి అది చెంపదెబ్బలా తగిలింది. యువకులు రోడ్డెక్కారు, ఆ తర్వాత క్షమాపణ వచ్చింది. ఆ వారం యాయ్ రేడియో కట్టేసి కూర్చుంది. "మేం ఎంత కొద్దిమందిమో ఈ రోజు గుర్తుచేశారు" అంది. మా వీధి టైలరు, మురీద్ శాఖవాడు, పని ఆపి వచ్చి ఆవిడ ముందు కుర్చీలో గంటసేపు కూర్చున్నాడు. రాజకీయం ఏమీ మాట్లాడలేదు, టీ తాగి వెళ్లాడు.

2019లో ఒక క్యాథలిక్ బడి తలకి ముసుగు వేసుకోకూడదని నిబంధన పెట్టింది. అక్కడ మిషన్ బళ్లలో పిల్లలు ఎక్కువ భాగం ముస్లింలే ఉంటారు, చదువు బాగుంటుందని చేర్పిస్తారు. కొంతమంది ఆడపిల్లల్ని గేటు బయటే ఆపేశారు, ప్రభుత్వం కలగజేసుకుంది, చివరికి రాజీ కుదిరింది. నా మనసులో మాట చెబుతాను: ఆ విషయంలో బడి తొందరపడింది. ఏళ్ల తరబడి నమ్మి పిల్లల్ని పంపిన తల్లుల్ని ముందు కూర్చోబెట్టి మాట్లాడి ఉండాల్సింది.

ఇక అసలు నొప్పి పెళ్లిళ్లలో ఉంది. యాయ్ రెండో కూతురు ముస్లిం అబ్బాయిని ఇష్టపడింది. ఇస్లాం ప్రకారం ముస్లిం అబ్బాయిని చేసుకునే క్రైస్తవ అమ్మాయి మతం మారి తీరాలని లేదు, కానీ అత్తవారింట్లో కలిసిపోవాలంటే మారడమే మంచిదని పెద్దలు అన్నారు. ఆ పిల్ల మారింది. అదే క్రైస్తవ అబ్బాయి, ముస్లిం అమ్మాయి అయితే? అబ్బాయి మారకుండా పెళ్లికి ఆ తల్లిదండ్రులు ఒప్పుకోవడం చాలా అరుదు. అంటే రెండు దారుల్లోనూ తగ్గేది చిన్న గుంపే. ఈ లెక్క ఫాదర్లకీ తెలుసు, తల్లులకీ తెలుసు, ఎవరూ పైకి అనరు. యాయ్ పెళ్లి పనులన్నీ చేసింది, నవ్వుతూనే చేసింది. ఆ రాత్రి మా వంటింటి కిటికీలోంచి చూస్తే వాకిట్లో ఒక్కతే జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. కూతురు తెల్లగౌను వేసుకుని మొదటి సత్ప్రసాదం తీసుకున్న నాటి ఫోటో వాళ్ల ముందుగదిలో ఉండేది. దాన్ని తీయలేదు. మనవడు పుట్టిన ఎనిమిదో రోజున పేరు పెట్టడానికి ఇమాము వచ్చినప్పుడు ఆ ఫోటో కిందే కూర్చుని పేరు చదివాడు.

ప్రశ్న: కాజమాన్స్‌లో ఏళ్లుగా గొడవలట. అది క్రైస్తవులకీ ముస్లింలకీ మధ్య పోరా?

పోరే గానీ మతాల మధ్య కాదు. దేశానికి దక్షిణాన ఉన్న ఆ ప్రాంతం విడిగా ఉండాలన్న ఉద్యమం 1982 నుంచి ఆయుధాల దాకా వెళ్లింది. దానికి పేరున్న నాయకుడు అగస్టిన్ జమకూన్ సెంఘోర్ అనే క్యాథలిక్ ఫాదర్ కావడం వల్ల బయటివాళ్లకి ఆ అనుమానం వస్తుంది. ఆయన వెనక నడిచిన జోలా జాతివాళ్లలో ముస్లింలు బోలెడుమంది. భూమి, ఉద్యోగాలు, డకార్ వాళ్ల పెత్తనం, ఇవి వాళ్ల ఫిర్యాదులు. 2004 డిసెంబరు 30న ప్రభుత్వంతో ఒప్పందం మీద సంతకం చేసిందీ ఆయనే. 2007లో చనిపోయారు.

ప్రశ్న: పోప్ ఎప్పుడైనా అక్కడికి వెళ్లారా?

1992 ఫిబ్రవరిలో రెండో జాన్ పాల్ వెళ్లారు. బానిసల్ని ఓడలెక్కించిన గోరే దీవిలో నిలబడి, ఆ పాపంలో క్రైస్తవుల పాలుకి క్షమాపణ కోరారు. పొపంగిన్‌కీ వెళ్లారు. అది మరియమాత యాత్రాస్థలం, 1888 నుంచి పెంతెకోస్తుకి జనం వెళ్తున్నారు. సెనెగల్ దేశస్థుల్లో మొదటి అగ్రపీఠాధిపతి, తర్వాత కార్డినల్ అయిన హయసింత్ థియాందుమ్ పుట్టిన ఊరు కూడా అదే. డకార్ నుంచి కుర్రాళ్లు రెండు రోజులు నడుచుకుంటూ వెళ్తారు. దారిలో వాళ్లకి నీళ్లందించేవాళ్లలో ముస్లింలు ఎందరో.

ప్రశ్న: రెండు మతాలవాళ్లనీ ఒకే చోట పూడ్చే శ్మశానం ఉందట, నిజమేనా? మీరు చూశారా? – రిటైర్డ్ టీచరు

చూశాను మాస్టారూ. సెంఘోర్ పుట్టిన జోవాల్ ఊరికి ఎదురుగా ఫాడియూత్ అనే దీవి ఉంది. తరాల తరబడి జనం తిని పారేసిన గుల్లలతో పేరుకున్న దీవి అది. ఒడ్డు నుంచి పొడవాటి చెక్క వంతెన మీద నడిచి వెళ్లాలి. కార్లు లేవు. అడుగు తీసి అడుగు వేస్తే కాళ్ల కింద గుల్లలు పటపటమంటాయి. ఊళ్లో ఎక్కువమంది క్రైస్తవులు, కొద్దిమంది ముస్లింలు. అంటే దేశం లెక్క అక్కడ తిరగబడుతుంది. అక్కడి నుంచి ఇంకో వంతెన దాటితే శ్మశానం, అదీ గుల్లల దిబ్బే. తెల్లటి సిలువలు, వాటి పక్కన ముస్లిం సమాధులు, మధ్యలో బావోబాబ్ చెట్లు.

యాయ్ భర్తది ఆ ఊరే. ఒక నవంబరు 1న ఆవిడతో కలిసి వెళ్లాను. ఆయన సమాధి మీద పాత గుల్లలు నల్లబడితే పక్కకి లాగి, బుట్టలో తెచ్చిన తెల్లవి పరిచింది. కొవ్వొత్తి వెలిగించి గాలికి ఆరిపోకుండా నాలుగు పెద్ద గుల్లలు చుట్టూ నిలబెట్టింది. తర్వాత పది అడుగులు నడిచి, సిలువ లేని ఒక సమాధి దగ్గర ఆగింది. బావగారట, భర్తకి సొంత అన్న, చిన్నప్పుడే ముస్లిం అయ్యాడట. కొవ్వొత్తి తీయబోయి, మళ్లీ సంచిలో పెట్టేసింది. రెండు అరచేతులూ పైకి తెరిచి, ఆయన బతికుంటే ఎలా నిలబడేవాడో అలా నిలబడి, పెదాలు కదిపింది. అయ్యాక వంగి, ఆ గుల్లల మధ్య మొలిచిన గడ్డి కూడా పీకడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని పీకాను. వంతెన దగ్గర నుంచి పిల్లలు ఆకలేస్తోందని పిలుస్తున్నారు.